మంచి ఆడదాని మీద కప్పిన బొంత

నేను ఒక బొంతను. నరసన్నపేటలో పైడితల్లమ్మ అనే ఆవిడ పాత నూలు చీరలు పొరలుగా పేర్చి, నన్ను కుట్టి, కూతురు మణిమాల కాపురానికి పంపింది. అలా విజయనగరంలో ఒక అద్దెవాటా పడకగదికి చేరాను. మనుషులకు అంత దగ్గరగా ఉండి కూడా వాళ్ళను అర్థం చేసుకోలేకపోయాను.

మణిమాల బడిలో లెక్కలు చెబుతుంది. భర్త ఈశ్వరరావు నెమ్మదస్తుడు. ఒకరంటే ఒకరికి ఇష్టమే. వంటింట్లో వాళ్ళ నవ్వులు నాకు వినిపించేవి. కానీ ఆయన దగ్గరకు తీసుకోగానే ఆమె ఒళ్ళు కర్రలా బిగుసుకునేది. నొప్పి, తర్వాత ఏడుపు. ఆయన వెంటనే ఆగిపోయేవాడు.

"నేను మొద్దునండీ. నాకసలు ఆ ధ్యాసే ఉండదు" అనేది. ఇంత ఇష్టం ఉండి ఈ భయమేమిటో నాకు బోధపడేది కాదు.

చివరికి డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చారు. ఆమె నా మీద కూలబడి, "ఒంట్లో ఏ లోపమూ లేదట. నీ గురించి నువ్వేమనుకుంటావని అడిగింది డాక్టరమ్మ" అంది.

"ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేకపోయాను." గోడవైపు తిరిగి చెప్పింది. "మంచి ఆడదానికి ఆ కోరిక ఉండదని పెళ్ళికి ముందు అమ్మ చెప్పింది. నాకు ఉంటుందండీ. కలిగినప్పుడల్లా నేను చెడ్డదాన్నని భయమేస్తుంది."

లేదన్నదీ తనే, ఉందన్నదీ తనే. నేను తికమకపడ్డాను. ఈశ్వరరావు కూడా. "నీకుంటే నాకు సంతోషమే కదా మణీ" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత తొందర మానేశారు. కొన్నాళ్ళు కబుర్లే. "ఇవాళ వద్దు" అనడం ఆమె నేర్చుకుంది. అలా అనగలిగాకనే, ఎందుకో మరి, తనంతట తను దగ్గరకు జరగడం మొదలుపెట్టింది. నొప్పి ఒక్కసారిగా పోలేదు, తగ్గుతూ వచ్చింది.

వేసవిలో పైడితల్లమ్మ వచ్చింది. ఒక మధ్యాహ్నం నన్ను నేల మీద పరుచుకుని తల్లీకూతుళ్ళిద్దరూ నడుం వాల్చారు.

"అమ్మా, నాకలా ఎందుకు చెప్పావు?" అంటూ మణిమాల అంతా చెప్పింది.

"మాయమ్మ నాకలాగే సెప్పింది."

"నీకు నిజంగా ఎప్పుడూ అనిపించలేదా?"

"ఏమోనే. ఉందో లేదో నన్ను సూసుకోనిచ్చినారేటి?"

తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది.

"నీకిప్పుడు బాగుంటోందా?"

మణిమాల తలూపింది.

"ఎలాగుంటాదే అది?"

మణిమాల తల్లి చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పింది. వాళ్ళ కిందే పరుచుకుని ఉన్న నాకది వినిపించలేదు.