ఊపిరి కోసం పోసిన మందు

మనుషుల ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోకుండా చూడటమే ఈత కోచ్ పని. మునిగినవాళ్ళను అతను ఏళ్ళ తరబడి గట్టుకు లాగాడు, ఆగిన ఊపిరిని నోటితో ఊది నిలబెట్టాడు. అలాంటివాడితో పిల్లల డాక్టరమ్మ ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పింది.

"పాప ఊపిరితిత్తుల్లోకి మందు పోయాలండీ."

"పోయడమేంటి?"

అతని ఒంటిమీద ఇంకా తడి టీషర్టే. మామూలు పరీక్షకని వచ్చిన భార్యకు ఉన్నట్టుండి నొప్పులొచ్చాయని ఫోను రాగానే ఈతకొలను దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే బిడ్డ పుట్టేసింది, రెండు నెలలు ముందుగా.

"సన్నటి గొట్టంలోంచి పోస్తాం. ద్రవమే."

"ఊపిరాడని పసిగుడ్డుకి ఊపిరితిత్తుల్లో ద్రవమా! ముంచేస్తారా ఏంటి డాక్టరుగారూ?"

ఆమె విసుక్కోలేదు. "తడిసిన ప్లాస్టిక్ కవరు ఎలా అతుక్కుపోతుందో చూశారుగా? పాప లోపలి గాలితిత్తులు అలాగే అతుక్కుపోతున్నాయి. వాటిని తెరిచి ఉంచే పదార్థం ఒకటుంటుంది, సర్ఫాక్టెంట్ అంటాం. అది సరిపడా తయారయ్యేలోపే పాప బయటికొచ్చేసింది. అందుకే మేం ఇస్తాం."

"అదెక్కడ్నుంచి తెస్తారు?"

"పంది ఊపిరితిత్తుల్లోంచి తీసి, శుద్ధి చేస్తారు."

"పందిదా!" అతను ఒకడుగు వెనక్కి వేశాడు. పక్కనున్న అత్తగారు గోడ పట్టుకుంది. అయినా ముందు తేరుకుంది ఆవిడే.

"ఏ జంతువుదైతే మనకెందుకు బాబూ? పిల్ల బతకాలి. ఊఁ అను."

అతను తలూపాడు.

అద్దం అవతల పాప అరచేతి వెడల్పు ఛాతీ శ్వాస శ్వాసకీ లోపలికి పీక్కుపోతోంది. డాక్టరమ్మ పాప గొంతులోకి గొట్టం దించి, సిరంజిలోంచి పాలలాంటి తెల్లటి ద్రవాన్ని వదలసాగింది. యంత్రం మీద ఆక్సిజన్ అంకె జారింది. అలారం కీచుమంది. పాప పెదవులు నీలంగా మారాయి. ఆ నీలం అతనికి కొత్త కాదు.

"ఆపండి! మునిగిపోతోంది నా తల్లి!" అంటూ అద్దం మీద దబదబా బాదాడు.

నర్సు అతని చెయ్యి పట్టేసింది. "మందు సర్దుకునేదాకా కాసేపు అంతే అన్నా. చూడండి, కళ్ళు మూసుకోకండి."

చూశాడు. అంకె ఆగింది. మెల్లగా పైకి లేచింది, ఇంకా లేచింది. పెదవుల్లో నీలం కరిగి గులాబీ రంగు ఎక్కింది. డాక్టరమ్మ ఆక్సిజన్ మీట తగ్గించింది, మళ్ళీ తగ్గించింది. ఛాతీ నొక్కింది లేదు, లోపల్నుంచి నీళ్ళు కక్కించింది లేదు. పోసిన ద్రవం లోపలే ఉంది, బిడ్డ ఊపిరి తీస్తోంది! తన కళ్ళను తనే నమ్మలేక అత్తగారి వైపు తిరిగాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"గండం పూర్తిగా గట్టెక్కలేదు," అంది డాక్టరమ్మ బయటికొచ్చి. "ఇంకోసారి పోయాల్సి రావచ్చు. కానీ మందు పాపకు బాగా పట్టింది."

భార్య మంచం దగ్గరికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు.

"పాపకేం చేశారు?" అందామె నీరసంగా.

"ఊపిరితిత్తుల్లో మందు పోశారు."

"పోశారా!" ఒళ్ళు సహకరించకపోయినా మోచేతుల మీద లేవబోయింది. "నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

డాక్టరమ్మ చెప్పినదంతా చెబుదామనుకున్నాడు. ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"పోస్తే ఊపిరి పీల్చుకుంటోందే," అన్నాడు. ఇక ఆపుకోలేక ఆమె భుజం మీద తలపెట్టి భోరుమన్నాడు.