అడ్డగీతా, నిలువుగీతా

మా మరదలు పురుగుల మనిషి. వెటకారానికి అనడం లేదు. ఆమె జీతం చీటీ మీద కూడా ఇంచుమించు అదే ఉంటుంది, కాకపోతే మర్యాదగా ‘కీటక శాస్త్రవేత్త’ అని అచ్చు వేస్తారు. మ్యూజియంలో ఉద్యోగం, మా మేడమీద వాటాలో కాపురం. మా ఆవిడకు స్వయానా చెల్లెలు కనుక మా ఫ్రిజ్ మీద ఆమెకు జన్మహక్కు ఉంది. అందులో పెరుగు డబ్బా పక్కనే పురుగు డబ్బా ఉంటుంది. ఎత్వానికీ కొమ్ముకూ తేడా చూసుకోనివాడు మా ఇంట్లో భోంచెయ్యలేడు.

నేను పత్రికకు గళ్ళనుడికట్టు తయారుచేస్తాను. అడ్డం, నిలువు నా వృత్తి. అవి నా ప్రాణం తీస్తాయని మాత్రం ఆ రోజుదాకా అనుకోలేదు.

సంగతేమిటంటే, ఊరి మధ్య పెద్ద పార్కులో వెనక మూల ఒక దుంగ ఉంది. ఎప్పుడో గాలివానకు కూలిన చెట్టు. ఎవరూ పట్టించుకోక హాయిగా పుచ్చిపోయింది. అందులో కొమ్ముల పురుగు కాపురముందని మా మరదలి నమ్మకం. మగపురుగు దవడలు జింక కొమ్ముల్లా ఉంటాయట, వాటితో అది కరవదట, పోజు మాత్రం పెడుతుందట. ఊళ్లో ఇంకెక్కడా ఆ జాతి మిగల్లేదు. ఎందుకు మిగులుతుంది? దానికి కావలసింది చెట్టు కాదు, చెట్టు శవం. మన ఊళ్లో ఎండుకొమ్మ కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు శుభ్రత పేరుతో దానికి అంత్యక్రియలు చేసేస్తారు.

ఇంతలో పార్కు కమిటీ ఆ మూలను కార్లకు ఇచ్చేద్దామనుకుంది. పార్కుకు ‘ఇంగు’ తగిలిస్తే పార్కింగు. ఇంగు తగిలాక ఇక పార్కు వాసన ఎక్కడుంటుంది? మరదలు వెళ్లి అడ్డుపడింది. మీరు చూశానంటున్న పెద్దపురుగు ఎక్కడినుంచో ఎగిరొచ్చి వాలి ఉండవచ్చు, అక్కడే పుట్టి పెరుగుతోందని మా కళ్లకు చూపించండి, అప్పుడు మూల వదిలేస్తాం అన్నారు వాళ్లు. చూపించాలంటే దుంగలోపల ఏళ్లతరబడి పుచ్చు తింటూ పెరిగే తెల్లపురుగును చూపించాలి. దానికి దుంగ విప్పాలి. ఇల్లుందని రుజువు చెయ్యడానికి ఇల్లు పడగొట్టడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని ఒక్క కొస మాత్రం, అదీ కమిటీ ఎదుటే విప్పుతానని రోజు ఖాయం చేయించుకుంది. ఆ రోజు చూపించలేకపోతే మూల కార్లది.

ఆ పొద్దున్న ఆమె సామానంతా నా కారులో సర్దాను.

“బావా, భూతద్దం ఎక్కడ పెట్టావ్?”

“నా పక్కన. భూతం వెనక సీట్లో కూర్చుంది.”

“జోకులు తరవాత. అది లేకపోతే పనే లేదు. తెల్లపురుగులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. పేడలో ఉండే ఎరువు పురుగూ అంతే లావు, అదే రంగు, అలాగే ముడుచుకుని పడుకుంటుంది. తేడా తోక చివర ఉంటుంది. మలద్వారం అడ్డగీతలా ఉంటే ఎరువు పురుగు. నిలువుగీతలా ఉంటే మనది.”

“అంటే, పార్కు భవిష్యత్తంతా ఒక పురుగు పిర్రల మధ్య ఉంది.”

“అంతే. నవ్వడం అయితే కారు తియ్యి.”

తీశాను. పార్కు వెనక గేటు దగ్గర ఆపి ఆ మూలకు నడిచేసరికి మా మరదలు ఠక్కున ఆగిపోయింది. నేను వెళ్లి ఆమె వీపుకు గుద్దుకున్నాను.

మూలలో టెంటు వేసి ఉంది. టెంటు కింద కుర్చీలున్నాయి. కుర్చీల ఎదుట, రెండు సిమెంటు దిమ్మల మీద, దుంగ ఉంది. కొత్తగా పెళ్లికి తయారైన మంచంలా తళతళా మెరుస్తోంది. బెరడు లేదు. పుచ్చు లేదు. నా మొహం నాకు అందులో కనిపించింది, ఆ మొహం మీద ఏడుపు కూడా.

పార్కు సూపర్వైజరు ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చాడు. “నమస్కారం మేడం. ఎలా ఉందంటారు?”

మరదలు దుంగ చుట్టూ ఒకసారి తిరిగింది. ఆమె నోట ఒకటే ముక్క వచ్చింది. “బెరడేది?”

“ఒలిపించేశాను మేడం. చెప్పకూడదు గానీ, లోపలంతా పురుగులు. మీరు చూసి ఉంటే కళ్లు తిరిగి పడిపోయేవారు. పెద్దవాళ్లు వస్తున్నారు కదా, పురుగులు పట్టిన దుంగ ఏం మొహం పెట్టుకుని చూపిస్తాం?”

“వాళ్లు వచ్చేదే పురుగుల్ని చూడటానికండీ.”

“మీరు భలేవారు. దుంగ తనిఖీ అని చెప్పారు నాకు.” ఆయన దుంగను చేత్తో నిమిరాడు. “తొలిపించి, కడిగించి, చెదల మందు పట్టించి, పైన రెండు పూతలు వార్నిష్.”

“అది వార్నిష్ కాదు, వారి నిష్ఠ,” అన్నాను నేను. మరదలు నావైపు ఒక్క చూపు చూసింది. పురుగుల్ని గుచ్చే సూది ఆ చూపులో ఉంది.

ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. ఆయన సర్వీసులో పెద్దవాళ్లు చూడవచ్చిన ప్రతిదానికీ రంగు పడింది. బెంచీని చూడవస్తే బెంచీకి, గేటును చూడవస్తే గేటుకు. ఒకసారి గడ్డి ఎండిపోతోందని ఫిర్యాదు మీద ఎవరో వస్తుంటే గడ్డికి కూడా ఆకుపచ్చ రంగు కొట్టించాడని తోటపని వాళ్లు చెప్పుకుంటారు. దుంగను ఇలా ముస్తాబు చేసింది కూడా మా మరదలి మీద గౌరవంతోనే. దొంగను కాపలా పెట్టకపోయినా, దుంగకు ఇలాంటి కాపలా దొరికితే ఫలితం ఒక్కటే.

“లోపలున్న పురుగుల్ని ఏం చేశారు?” మరదలి గొంతు చాలా నెమ్మదిగా ఉంది. మా ఆవిడ గొంతు అలా ఉన్నప్పుడు నేను ఇంట్లోంచి బయటికి వెళ్లిపోతాను.

“ఏం చేస్తాం మేడం, పొట్టుతో సహా ఊడ్చి, అదిగో, గోడవార ఎరువుగుట్ట మీద పోయించాను.”

“మందు కొట్టకముందా, కొట్టాకా?”

“ముందే. ముందు శుభ్రం, తరవాత మందు. నాకన్నీ పద్ధతి ప్రకారం జరగాలి.”

“దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి,” అంది ఆమె. ఆయన అది మెచ్చుకోలు అనుకుని చేతులు జోడించాడు.

అప్పటికే ఆమె గుట్ట దగ్గరికి పరుగు తీసింది. పురుగు కోసం పరుగు, పరుగు వెనక పరువు, పరువు వెనక నేను. ఎరువుగుట్ట అంటే చిన్నదేం కాదు. పార్కులో రాలిన ఆకూ, కోసిన గడ్డీ అంతా అక్కడే చేరుతుంది, గోడ పొడుగునా పాకి ఉంది. పార వాడితే పురుగులు తెగిపోతాయని ఆమె ఉత్త చేతులతో తవ్వింది. నా చేత కూడా తవ్వించింది. నా చేతులు పెన్సిలు తప్ప బరువైనదేదీ ఎత్తి ఎరగవు.

పురుగులకు కొదవేమీ లేదు. చిటికెనవేలంత లావు, పాలతెలుపు, ఎర్రటి తల. ఒకటి తీసి గర్వంగా అందించాను. ఆమె భూతద్దం పెట్టింది.

“అడ్డం.”

ఇంకొకటి ఇచ్చాను. “అడ్డం.” మరొకటి. “అడ్డమే బావా.” ఇన్ని అడ్డాలు, ఒక్క నిలువైనా లేని నుడికట్టు నేను జన్మలో చూడలేదు. అలాంటిది అచ్చువేస్తే పాఠకులు నన్ను నిలువునా పాతేస్తారు.

కమిటీ వచ్చింది. తెల్లచొక్కా అధ్యక్షుడు, ఆయన వెనక ఇద్దరు సభ్యులు. టెంటు కింద కూర్చున్నారు. ఎదురుగా ఉన్న దుంగను చూసి అధ్యక్షుడు మురిసిపోయాడు.

“బాగా కాపాడారయ్యా. ఇంత చక్కటి వస్తువును ఎండకూ వానకూ వదిలెయ్యడం దేనికి? ఆఫీసు హాల్లో అద్దాల పెట్టె చేయించి పెడదాం. మూల ఎలాగూ ఖాళీ అవుతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

సూపర్వైజరు మొహం కూడా వార్నిష్ కొట్టినట్టు వెలిగింది.

“అయ్యా, దుంగ కాదండీ,” గుట్టలోంచి మరదలు తల ఎత్తింది. జుట్టునిండా ఆకులు, చెంపమీద ఎరువు. “మీరు ఇటు రావాలి.”

వాళ్లు ముక్కులు మూసుకుంటూ వచ్చారు. ఒక సభ్యుడు నా అరచేతిలోని పురుగును చూసి, “ఇదిగో, దొరికింది కదమ్మా. ఇంతుంది. రాసేసుకుంటాం, ఎండ ఎక్కుతోంది,” అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. ఎవరు చూస్తారు, ఎవరడుగుతారు, అవునంటే ఇంటికి పోవచ్చు. మోచేత్తో ఆమెను పొడిచాను.

“కాదండీ, ఇది ఎరువు పురుగు,” అంది మా ధర్మాత్మురాలు.

“నీకేమైనా పిచ్చా?” అన్నాను పళ్లమధ్య నుంచి. “వాళ్లే ఒప్పుకుంటున్నారుగా.”

“ఇది ఏ చెత్తలో అయినా ఉంటుంది బావా. దీని పేరు చెప్పి మూల ఆపితే, రేపు తెలిసినవాడొకడు వచ్చి చూసి నవ్వుతాడు. ఎల్లుండి కార్లొస్తాయి. ఇక ఆ తరవాత నేను నిజంగా చూపించినా ఎవడు నమ్ముతాడు?”

అధ్యక్షుడు వాచీ చూసుకున్నాడు. “అమ్మా, మాకు వేరే పనులున్నాయి. లేదంటే లేదని రాసేస్తాం.”

ఆమె తవ్వుతూనే ఉంది, కానీ మోచేత్తో కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది. ఇన్నేళ్లుగా ఆమెను ఏడిపిస్తూనే ఉన్నాను. కళ్లు తుడుచుకునేలా మాత్రం నేనెప్పుడూ ఏడిపించలేదు. జోకులు మానేసి నేను కూడా వంగి తవ్వాను.

అప్పుడు సూపర్వైజరు గొంతు సవరించుకున్నాడు. “మేడం, మీరు దుంగలోంచి తీసిన పొట్టు కోసమేనా వెతికేది?”

“అవును.”

“అది అక్కడ లేదు కదండీ. ఈ చివర పోయించాను. పైకి అసహ్యంగా కనిపిస్తోందని గడ్డి కప్పించాను.”

“మరి ఇంతసేపూ చెప్పలేదేమండీ?” అన్నాను.

“మీరు అడగలేదు కదా సార్. మీరేదో శాస్త్రం ప్రకారం వెతుక్కుంటున్నారు, చదువుకున్నవాళ్ల పనిలో నేను తల దూర్చడం దేనికని.”

ఆయన తలను నేనే దూర్చేవాణ్ణి, గుట్టలోకి. మరదలు అప్పటికే అటు చేరి గడ్డి తొలగించింది. కింద గోధుమరంగు పుచ్చుపొట్టు, తడితడిగా, అడవి వాసనతో ఉంది. అందులో మొదట దొరికినవి పార తగిలి చితికినవి. ఆమె వాటిని ఒక్కొక్కటే తీసి, ఒక పెద్ద ఆకు మీద వరసగా పెట్టింది. సూపర్వైజరు ఆ వరసను చూసి, తరవాత తన చేతుల్ని చూసుకున్నాడు.

ఇంకొంచెం లోపల ఒక చెక్కపెళ్ల అడుగున ఒకటి కదిలింది.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని భూతద్దంలో చూసింది. మొహంలో ఏమీ తెలియలేదు. భూతద్దాన్ని అధ్యక్షుడి చేతికి ఇచ్చింది.

“నేను చెప్పను. మీరే చూసి చెప్పండి.”

“ఏం చూడాలమ్మా?”

“తోక చివర గీత. అడ్డమా, నిలువా.”

అధ్యక్షుడు తెల్ల ప్యాంటుతో ఎరువులో మోకరిల్లాడు. ఎన్నో ఫైళ్ల మీద సంతకాలు చేసిన మనిషి, ఒక కన్ను మూసి, ఒక పురుగు వెనకభాగాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. పురుగు తాపీగా ఒక ఉండ విసర్జించింది. ఆయన చలించలేదు.

“తలుపు సందులా ఉంది,” అన్నాడు చివరికి. “పైనుంచి కిందికి. నిలువు.”

మరదలు నేలమీద చతికిలబడింది.

అధ్యక్షుడు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. “అయితే దుంగను కాదు, ఈ చెత్తను కాపాడమంటారు.”

“ఈ చెత్తను, ఈ మూలను. ఇక్కడినుంచి కదిపితే ఇవి కూడా పోతాయి.”

“పార్కింగు వేరేచోట చూద్దాంలే,” అని ఆయన సభ్యులవైపు తిరిగాడు. “రాయండి. ఈ మూలలోని చెత్తను ఎవరూ తొలగించరాదు.” సంతకం చేసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ప్యాంటును చూసి విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

సూపర్వైజరు మాత్రం కదల్లేదు. “మేడం, ఇవి ఎప్పటికి పెద్దవుతాయి?”

“ఇంకో రెండు మూడేళ్లు పట్టచ్చు.”

“నేను వచ్చే ఏడే ఉద్యోగంలోంచి దిగిపోతాను. నా పార్కులో చెత్త ఉండగా దిగిపోవాలా నేను?”

“ఉండాలనే నా కోరిక. ఊడ్చకండి, కడగకండి, కప్పకండి, రంగు వెయ్యకండి. దుంగ ఎలాగూ పోయింది. రాలిన కొమ్మల్ని తెచ్చి వీటి పక్కన పడేసి వదిలెయ్యండి.”

“మరి నేను చెయ్యాల్సిందేమిటి?”

“ఏమీ చెయ్యకపోవడం.”

“అది నాకు అలవాటు లేదు మేడం,” అన్నాడాయన దిగులుగా.

ఇంతలో ఊడ్చే మనిషి ఒకతను బండి తోసుకుంటూ, చీపురు భుజాన వేసుకుని గుట్టవైపు వచ్చాడు. మేము నోరు తెరిచేలోగా సూపర్వైజరు వెళ్లి రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

“ఆగు, ఇటు రాకు. ఇక్కడ పిల్లలున్నారు.”

మెల్లగా అనలేదు. పార్కు ముందు గేటు దాకా వినిపించేలా అరిచాడు. మరదలి అరచేతిలోని పురుగు ఉలిక్కిపడి ముడుచుకుంది. ఆమె రెండో చెయ్యి దానిమీద కప్పి, తల గోడకు ఆనించి కళ్లు మూసుకుంది.

“బావా, ఆయనకు కాస్త నెమ్మదిగా కాపాడమని చెప్పు,” అంది.