గోడ దాటని ఎడమ చెప్పు

నేను ఒక ఎడమ కాలి తోలు చెప్పును. కోర్టువారు నన్ను వస్తు సాక్ష్యం నంబరు మూడు అంటారు. ఒకటో నంబరు పగిలిన తాళం, రెండో నంబరు గునపం. వాళ్ళిద్దరూ నేరంలో పాలుపంచుకున్నవాళ్ళు. నేను జారిపడ్డదాన్ని మాత్రమే, అయినా కేసంతా నా మీదే నడిచింది.

నన్ను కొన్నవాడు ఆటో పైడిరాజు. బ్రేకు తొక్కే పని కుడిదానిది కాబట్టి నేను హాయిగా కాళ్ళకింద కూర్చుని ఊరు చూసేదాన్ని. ఒకసారి నా పట్టీ ఊడితే పైడిరాజు తనే ఆకుపచ్చ వలదారంతో కుట్టుకున్నాడు. కుట్టు వికారంగా వచ్చింది. దాన్ని చూసి నవ్వనివాడు మా ఆటో స్టాండులో లేడు.

ఒక శనివారం ఉదయం పైడిరాజు, భార్య నూకరత్నం ఆంజనేయస్వామి గుడికి వెళ్ళారు. మమ్మల్ని బయట విడిచారు. ఇంతలో ఎవడో సన్నకాళ్ళవాడు దర్శనం ముగించుకుని వచ్చి, నిదానంగా అన్ని జతలూ పరికించి, మాలో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయాడు. దేవుడికి ఏం మొక్కుకున్నాడో మధ్యాహ్నానికి తెలిసింది. ఇత్తడి సామాన్ల కొట్టు యజమాని భోజనానికి వెళ్ళిన వేళ వెనక తలుపు తాళం పగలగొట్టి, దీపపు కుందులు మూటగట్టి, గోడ దూకాడు. నేను వాడి కాలికి వదులు. వాడు అటు పడ్డాడు, నేను ఇటు పడ్డాను.

మర్నాడు పోలీసులు ఈ ఆకుపచ్చ కుట్టు ఎవరిదని ఆటో స్టాండులో ఆరా తీసి, నన్ను పైడిరాజు ముందు పెట్టి, "ఇది నీదేనా?" అని అడిగారు.

"నాదే బాబూ! ఎక్కడ దొరికింది?" అంటూ మా పిచ్చి మారాజు నాలో కాలు కూడా పెట్టి చూపించాడు. సరిగ్గా సరిపోయాను. జీవితంలో అంత సిగ్గుపడ్డది లేదు.

గుడిలో పోయాయంటే స్టేషనులో ఎవరూ నమ్మలేదు. దొంగతనం వేళ ఇంట్లో నిద్రపోతున్నాడని నూకరత్నం చెప్పింది. భార్య కదా, అలాగే చెబుతుంది అన్నారు. వాళ్ళ లాయరు ఉపాయం చెప్పాడు: చెప్పు నాది కాదంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అని. తీరా బోనెక్కాక పైడిరాజు మళ్ళీ, "నాదేనండి" అన్నాడు. లాయరు తల పట్టుకున్నాడు. మూడేళ్ళ జైలు పడింది. నిజం చెప్పినవాణ్ణి జైల్లో పెట్టి, నన్ను చీటీ కట్టి బీరువాలో పెట్టారు.

నూకరత్నం ఊరుకునే మనిషి కాదు. ములాఖత్‌కు వెళ్ళి మొగుడికి ధైర్యం చెప్పడం, వచ్చి కోర్టు వరండాలో కూర్చోవడం, ఇదే పని. చివరికి ఉచిత న్యాయసహాయం కింద సుభాషిణి అనే లాయరమ్మ అప్పీలు వేసింది. ఒకరోజు ఇద్దరూ నన్ను చూడడానికి వచ్చారు.

"సెప్పులు పోయినాక మరి ఎతకలేదా?" అని లాయరమ్మ అడిగింది. నూకరత్నంతో మాట్లాడితే ఆమెకూ మా యాస వచ్చేసేది.

"ఎతకనిస్తేనా అమ్మా! శనివారం పూట గుళ్ళో సెప్పులు పోతే శని పోయినట్టేనని అందరూ ఈయన్ని మెచ్చుకున్నారు. పూజారిగారు ఇంకో లడ్డూ కూడా ఎట్టారు. మైకులో కూడా సెప్పినారు."

"మైకులోనా? ఇది ఆ కోర్టులో ఎందుకు సెప్పలేదు?"

"శని గురించి సెబితే జడ్జిబాబు నవ్వుతారని మా లాయరుబాబు వొద్దన్నారు."

"నవ్వితే నవ్వనీ. ఆ రోజు గుళ్ళో ఎవరైనా వీడియో తీసినారా?"

నూకరత్నం నెత్తిమీద ఒక్కటి కొట్టుకుంది. "భజన లైవులో ఎట్టినారమ్మా," అంది మెల్లగా.

ఆ తర్వాత లాయరమ్మ ఎన్ని భజనలు విన్నదో ఆ హనుమంతుడికే తెలియాలి. జిల్లా కోర్టులో అప్పీలు విచారణకు నన్నూ బల్లమీద పెట్టారు. వీడియో వేశారు. చిడతలు, మృదంగం హోరెత్తాయి. బెంచి గుమస్తా వేళ్ళు తాళం వేస్తున్నాయి. ఉన్నట్టుండి భజన ఆగి మైకు గొంతు పలికింది: "భక్తులకు విజ్ఞప్తి. ఆటో పైడిరాజుగారి తోలు చెప్పులు పోయాయి. ఎడమదానికి ఆకుపచ్చ దారంతో చెత్తకుట్టు ఉంటుంది. పొరపాటున వేసుకున్నవారు తెచ్చివ్వండి. తేకపోతే ఆయన శని మీరు పట్టుకెళ్ళినట్టే!"

వీడియో మూలన ఆ శనివారం తేదీ, ఉదయం వేళ కనిపిస్తున్నాయి. కొట్టు యజమాని భోజనానికి లేవడానికి ఇంకా చాలా పొద్దుంది.

జడ్జిగారు నవ్వారు. మొదటి లాయరు భయపడ్డ నవ్వు అదే. నవ్వాక కళ్ళజోడు తుడుచుకుని, నా కుట్టును తిప్పి తిప్పి చూశారు. జన్మలో మొదటిసారి ఆ కుట్టు మీద నాకు ప్రేమ కలిగింది.

శిక్ష కొట్టేశారు. పైడిరాజు విడుదలై వచ్చాక వస్తువు తీసుకెళ్ళమని గుమస్తా పిలిచాడు. చిక్కిపోయాడు, జుట్టు నెరిసింది. గుమస్తా నన్ను పైకెత్తి మామూలుగానే అడిగాడు: "ఇది నీదేనా?"

నూకరత్నం మొగుడి చొక్కా పట్టి లాగింది. "కాదని సెప్పు. మనకొద్దీ శని."

పైడిరాజు నా ఆకుపచ్చ కుట్టును వేలితో తడిమాడు. "నాదే బాబూ," అన్నాడు.

నాకు గొంతు లేదు గానీ ఉంటే అప్పుడు ఏడ్చేదాన్ని.

ఇప్పుడు ఆటో వెనక దిష్టి తగలకుండా నన్ను వేలాడదీశారు. నన్ను శని అన్న నూకరత్నమే నాకు ముడి వేసింది. మనుషుల తర్కం నాకు అంతుపట్టదు, గాలికి ఊగుతూ ఊరు చూడడం మాత్రం బాగుంది.

శనివారం వస్తే ఆటో గుడిముందు ఆగుతుంది. పైడిరాజు కొత్త చెప్పులు విప్పి, సంచిలో వేసి, సంచి చంకలో పెట్టుకుని లోపలికి వెళతాడు. శని పోవద్దా అని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు.

"ఒకసారి పోయింది బాబూ," అంటాడు, "పోయి నన్ను కూడా తీసుకుపోయింది."