నిండు పియాలా

బిష్కెక్‌లో ఆ నాలుగంతస్తుల భవనానికి బాయిలర్ చూసేది నేనే. ఎనిమిదో తరగతిలో చదువు మానేసినవాణ్ణి. పైన కంప్యూటర్లవాళ్ళు నన్ను గోడల్లో ఒక గోడగా జమకట్టారు. బెగాయిమ్ ఒక్కతే మధ్యాహ్నం నా గది మెట్ల మీద కూర్చుని మాంసం కూరిన సంసా తినేది. మూడో అంతస్తులో పదకొండుమంది మగవాళ్ళ మధ్య ప్రోగ్రాములు రాసే ఆడపిల్ల ఆమె.

"పైన చోటు లేదా?" అన్నాను ఒకరోజు.

"ఉంది బాబాయ్. కెటిల్ పక్కన."

అర్థమైంది. మా ఇళ్ళల్లో టీ పోసేది చిన్న కోడలు. ఆఫీసుకు కోడలుండదు కనుక ఈమెను చేశారు. పని గురించి మాట్లాడుకునేటప్పుడల్లా ఆమె చెయ్యి కెటిల్ మీదే. ఆమె రాసినదాన్ని పక్క సీటు తిమూర్ తనదే అన్నట్టు చెప్పేవాడు. రెండు వారాల్లో ఆమె పరీక్షా గడువు ముగుస్తుంది. నోరు విప్పని మనిషిని ఉంచుకోరు.

"మా ఊరు నారిన్ వెళ్ళిపోతాను," అంది.

నేనేం చెప్పను? నాకూ ఎవరూ ఏమీ చెప్పలేదు, అందుకే ఈ నేలమాళిగలో ఉన్నాను. రెండో అంతస్తులో ఇదే పనిలో ఇరవయ్యేళ్ళు నలిగిన సైకాల్ అనే ఆవిడ చెవిన వేశాను. శనివారం ఆమె ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని నా గదిలోకి దిగింది.

"నేనే మీ పెద్దసారుని అనుకో. చెప్పు, ఏం చేశావో," అంది, లేని గడ్డం నిమురుకుంటూ.

బెగాయిమ్ రెండు మాటలు చెప్పి కెటిల్ అందుకోబోయింది.

"చెయ్యి తియ్యి. టీ బాబాయ్ పోస్తాడు. ఆయనకేమన్నా కోడళ్ళున్నారా?"

అందరూ నవ్వారు. పోశాను. ఆడవాళ్ళకు టీ పోయడం నాకదే మొదలు. నా భార్య ఉన్నప్పుడు ఒక్కసారైనా పోసి ఉంటే... అది వేరే గొడవ.

రెండు శనివారాలు ఆమె చేత మళ్ళీ మళ్ళీ చెప్పిస్తూ, ప్రశ్నలతో ఆమె పనిని చీల్చి చెండాడారు.

"మొదటి ఏడాదంతా బాత్రూంలో ఏడ్చాను," అందొకామె.

"అదృష్టవంతురాలివి. మా ఆఫీసులో ఆడవాళ్ళకి బాత్రూమే లేదు."

గడువు ముగిసే శుక్రవారం, రేడియేటర్ కారుతోందని నన్ను మూడో అంతస్తుకు పిలిచారు. అక్కడ మీటింగు మొదలవబోతోంది. బెగాయిమ్ టేబుల్ చుట్టూ తిరిగి చిన్న గిన్నెల్లాంటి పియాలాలన్నీ అంచుల దాకా టీతో నింపింది. మా దగ్గర సగం పోస్తేనే మర్యాద, ఇంకా కూర్చోమని. నిండా పోస్తే ఇక దయచేయమని.

పెద్దసారు పియాలా వంక చూశాడు. "ఏమ్మా, మమ్మల్ని పంపించేస్తున్నావా?"

"లేదన్నా. సగం పోస్తే మాటిమాటికీ లేవాలి. ఈ పని నేను రాసింది, నేనే చెప్తాను."

తిమూర్ తన కాగితాలు మెల్లగా మడిచాడు. ఆమె మొదటినుంచీ చెప్పుకుంటూ పోయింది. అడిగినవాటికల్లా జవాబిచ్చింది. టీలు చల్లారిపోయాయి. నేను బిగించిన నట్టునే మళ్ళీ బిగిస్తూ అక్కడే ఉండిపోయాను.

ఆమెను ఉంచుకున్నారు. ఇప్పుడు పైనే తింటుంది. శనివారం కూర్చోవడాలు కూడా పైకి మారాయి. కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లల్ని ఆమే కూర్చోబెట్టుకుంటోందట.

"మీరూ రండి బాబాయ్," అంది ఒకసారి. నేను వెళ్ళి ఏం పని చూపించను?

వాళ్ళ పియాలాలు నా అరలోనే ఉన్నాయి. ఒకటి తీసి పోసుకుంటాను, సగం. అది తాగాక ఇంకో సగం.