ఓడ సినిమా రెండో సగం

గంజి వారుస్తుండగా మా ఆయన వచ్చి, ఆ ఓడ సినిమా మళ్ళీ వచ్చిందని చెప్పారు. నేను నోరు తెరిచేలోపే, "చూసిందేగా, మళ్ళీ ఎందుకు?" అని కూడా అనేశారు.

నేను చూసింది సగమే. యుద్ధం అయిన మరుసటేడు అమలాపురంలో డేరా వేసి ఆడించారు. ఇంటర్వెల్ కాగానే ఆడవాళ్ళ గేటు దగ్గరుండే చిట్టెమ్మ, "ప్లీడరు గుమాస్తాగారి తాలూకండీ, బయటికి రమ్మంటున్నారండీ!" అని కేకేసింది. మా పేర్లతో అక్కడ ఎవరికీ పని లేదు. ఆయన స్నేహితులు భోజనానికి వస్తున్నారట. ఆయన మగవాళ్ళ వైపు ఆటకి ఉండిపోయారు, నేను ఇంటికెళ్ళి వంకాయలు తరిగాను. వడ్డిస్తూ, చివరికి ఏమైందని అడిగితే, "ఓడ మునిగిపోయిందే, అందరూ చచ్చేరు," అన్నారు.

"రెండోసారి చూడ్డానికి అదేవన్నా పురాణవా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. వంట చేసి, మూతలు పెట్టి, ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాను. ఇప్పుడు డేరా పోయి హాలు వచ్చింది. చిట్టెమ్మ మాత్రం అలాగే ఉంది.

మాటలు ఇంగ్లీషు. తెర పక్కన ఒకాయన నిలబడి తెలుగులో చెబుతాడు గానీ, ఈ సినిమాలో ఆయనకు పెద్దగా పని లేదు. ఎంతసేపూ నీళ్ళే. కింద శత్రువుల జలాంతర్గామి తిరుగుతూంటుంది. దానికి వినపడకూడదని ఓడవాళ్ళు ఇంజను ఆపేసి, చెంచా చప్పుడైనా కాకుండా కూర్చుంటారు. నా పక్కనున్న అప్పాయమ్మగారు ఆవులించి, "ఏవీ జరగదేంటండీ?" అన్నారు. నాకేమో ఒళ్ళంతా చెమటలు. అత్తగారు కునుకు తీస్తుంటే గిన్నెలు సడి లేకుండా బోర్లించేదాన్ని, మెట్ల మీద అడుగులు విని ఆయన కోపం ఏపాటిదో పోల్చుకునేదాన్ని, నాకు ఇందులో బోలెడు జరుగుతోంది. పైగా వీళ్ళంతా మునిగిపోయేవాళ్ళని తెలుసు. ఓడలో వంటవాడు నవ్వినా నాకు ఏడుపొచ్చింది.

ఇంటర్వెల్ అయ్యాక చిట్టెమ్మ మళ్ళీ వచ్చింది. "గుమాస్తాగారి తాలూకండీ! అత్తగారికి కాఫీ వేళయిందంటండీ!"

అందరూ నా వైపు తిరిగారు. నా కాళ్ళు అలవాటు కొద్దీ లేవబోయాయి. బెంచీ గట్టిగా పట్టుకున్నాను.

"రానని చెప్పు చిట్టెమ్మా."

"కోప్పడతారండమ్మా."

"కోప్పడనీ."

ఓడ మునగలేదు. జలాంతర్గామి కాచి కాచి, విసిగి వెళ్ళిపోయింది. ఇంజను మళ్ళీ కదిలింది. వంటవాడితో సహా అందరూ బతికారు.

బయట ఆయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. "చెవుడొచ్చిందా నీకు?"

"ఓడ మునగలేదండీ," అన్నాను.

"ఏ ఓడ?" అని, కాసేపటికి గుర్తొచ్చి నవ్వేశారు. "ఓసి, అదా! నేను మాత్రం ఆ రోజు చివరిదాకా ఎక్కడున్నానే? నువ్వెళ్ళగానే లేచి పేకాటకి పోయేను. ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పేను. పద, అమ్మ కాఫీకి చూస్తోంది."

నాకు ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"కాఫీ మీరు కలిపివ్వండి. మునిగిపోతుందనుకుని చూశానండీ మొదటి సగం. సాయంత్రం ఆటకి కూర్చుని, మునగదని తెలిసి చూసొస్తాను," అని చెప్పి, టిక్కెట్ల వరసలోకి నడిచాను.