పిల్లుల పాలు

పొద్దున్నే మాదన్నపేట మండీ దగ్గరికి వచ్చేసరికి ఇల్లుబండి కాస్తా ఆగిపోయింది. ముందు టమాటా లారీ, వెనక కొత్తిమీర మూటల ఆటో, పక్కన తాళం వేసి వెళ్లిపోయిన ఎవడిదో స్కూటరు. ఇన్ని ఊళ్లు తిరిగి, ఇన్ని ఘాట్లు ఎక్కి దిగి, తీరా సొంతిల్లు రెండు సందుల దూరంలో ఉందనగా ఇక్కడ ఇరుక్కుపోవడం చూడండి! స్వరూపకు ఏడుపొక్కటే తక్కువ. ఒళ్లో గుండుగాడు చీరలోకి గోళ్లు దించి పడుకున్నాడు. గుండుగాడంటే మనిషి కాదు, పిల్లి. రెండోది చిన్నమ్మి. అది సీటు కింద దూరి తెల్లవారుజాము నుంచీ ఒకటే అరుపు. ఆ అరుపు విని విని స్వరూపకు లారీ హారన్లు కూడా మెత్తగా వినపడుతున్నాయి.

"ఏం వదినా, యాత్ర మంచిగైందా?" అని వంకాయల గంప ముందు కూర్చున్న అమల పలకరించింది.

"మస్తయింది. దేవుడు తప్ప అందరు కనవడ్డరు" అంది స్వరూప. అంతకు మించి మాట్లాడే ఓపిక ఆమెకెక్కడుంది?

స్టీరింగ్ ముందు కూర్చున్న ఆమె మొగుడు రామ్‌చందర్ ఆ మాట విననట్టే హారన్ కొట్టాడు.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. రామ్‌చందర్‌ది తాతల నాటి పాల వ్యాపారం. ఇంటి ముందే కొట్టం, కొట్టం నిండా బర్రెలు. రెండు పూటలా పిండాలి కాబట్టి పెళ్లయిన నాటి నుంచి ఆ మొగుడూ పెళ్లాలు కలిసి ఒక్క రాత్రి ఊరు దాటి పడుకున్న పాపాన పోలేదు. మోకాళ్లు అరిగిపోయి, పీట మీద కూర్చుంటే లేవలేక, లేస్తే మళ్లీ కూర్చోలేక, చివరికి బర్రెలన్నిటినీ ఒకేసారి షాద్‌నగర్ వాళ్లకు అమ్మేశాడు. అవి లారీ ఎక్కుతుంటే చూడలేక లోపలికిపోయి తలుపేసుకున్నాడు. కొట్టంలో మిగిలినవి ఈ రెండు పిల్లులే. పొద్దున మొదటి బర్రె చేపి పాలు దిగగానే పొదుగు నుంచి సూటిగా పిల్లుల మూతికి రెండు ధారలు కొట్టి, ఆ తర్వాతే గిన్నె పట్టడం ఆ ఇంటి ఆచారం.

ఆ తర్వాత రామ్‌చందర్‌కు ఏం పురుగు కుట్టిందో ఏమో, బడిపిల్లల్ని తిప్పిన పాత టెంపో ఒకటి కొన్నాడు. ధూల్‌పేట్‌లో తెలిసిన వడ్రంగి చేత అందులో మంచం కొట్టించాడు, గ్యాస్ పొయ్యికి గట్టు పెట్టించాడు, టాపు మీద నీళ్ల డ్రమ్ము ఎక్కించాడు. బస్తీ వాళ్లంతా దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు. "బర్రెల ఎన్కనే బతుకంత పాయె, ఇగ దేశం చూద్దాం" అన్నాడు. స్వరూప ముందు సంబరపడింది. ఒక్క యాత్ర చేద్దాం, రాగానే బండి అమ్మేద్దాం అని మాట తీసుకుంది. లాడ్ బజార్ మొదట్లో బజ్జీల బండి పెట్టుకున్న మనీష్ అప్పుడే బేరం మాట్లాడుకుని పోయాడు.

పిల్లుల్ని ఎవరింట్లోనైనా వదిలేద్దామంటే రామ్‌చందర్ ఒప్పుకోలేదు. సరే, మూగజీవాలు కదా అనుకుంది. అక్కడే ఆమె మోసపోయింది.

మొదటి పొద్దు జడ్చర్లలో తెల్లారింది. చెంబు పట్టుకుని దిగుతున్న మొగుణ్ణి చూసి ఎక్కడికని అడిగింది. "పిల్లులకు పాలు తేవాలె. గివి పొదుగు పాలే తాగుతయి. ప్యాకెట్ పాలు ముట్టవు" అన్నాడు. ఇక చూడండి ఆ యాత్ర సంబడం! ఏ ఊరికి పోయినా ముందు కొట్టం ఎక్కడుందో వెతకాలి. చీకటితోనే లేవాలి. ఆయన ఆ కొట్టంలోకి పోయి, వాళ్లతో వరసలు కలిపి, బర్రె వీపు తట్టి, దాణా ధర అడిగి, చెంబు నింపుకుని వచ్చేసరికి ఎండ చుర్రుమనేది. సాయంత్రం మళ్లీ అదే తంతు. శ్రీశైలం పోయే దారిలో పాల కోసం ఆగి, అడవి గేటు మూసే వేళకు చేరి వెనక్కి తిరిగారు. హంపిలో ఆమె చూసిన రాళ్ల కంటే చూసిన పేడకుప్పలే ఎక్కువ. రాయచూరు పక్కన ఒక కొట్టం వాడైతే భోజనానికి కూడా పిలిచాడు. పిల్లులకు పోయగా మిగిలిన పాలతో ఇద్దరికీ చాయ్ పెట్టమనేవాడు రామ్‌చందర్. పారబోస్తామా అనేవాడు. ఆమె నడుం అప్పటికే విరిగిపోయి ఉండేది. మంచం ఇరుకు, పిల్లుల కంపు, నీళ్ల కరువు, పెట్రోల్ బంకుల్లో స్నానాలు. పెట్టమన్నప్పుడల్లా చాయ్ పెట్టేది, కూర్చున్న చోటే కునికేది.

ఇవాళ తెల్లవారుజామున షాద్‌నగర్ దాటుతుండగా ఆయన మెల్లగా అన్నాడు, "ఈసారి నాందేడ్ దిక్కు పోదాం స్వరూపా. ఇంకొన్ని దినాలు బండి ఉంచుకుందాం" అని. ఆమెకు ఇంకొక్కసారి ఈ బండెక్కితే తాను మనిషిని కాననిపించింది. ఇవాళ పొద్దెక్కాక మనీష్ వస్తాడు. బండి పోతే తన మంచం మీద తాను కాళ్లు చాపుకుని పడుకుంటుంది. పోకపోతే నాందేడే.

మొత్తానికి లారీ కదిలింది, ఇల్లు చేరారు. బండిని ఖాళీ కొట్టంలో పెట్టి రామ్‌చందర్ దాన్ని కడగడానికి పూనుకున్నాడు. అమ్మే బండిని అంత ముద్దుగా ఎవరైనా కడుగుతారా? స్వరూప చూసి ఇంటివైపు నడిచింది. తాళం తీసి, దుమ్ము దులిపి, చాయ్ లేకపోతే తల పగిలిపోయేలా ఉందని దుకాణానికి పోయింది. పాల ప్యాకెట్ అడిగేటప్పుడు ఆమె గొంతు దానంతటదే తగ్గింది. ఆ ఇంటికి కాపురానికి వచ్చాక ఆమె ప్యాకెట్ పాలు కొనడం ఇదే మొదలు. బర్రెలు పోయిన తర్వాత కూడా ఇంట్లో నల్లచాయే. డాక్టర్ పాలు వద్దన్నాడని రామ్‌చందర్ చెప్పాడు. ఏ డాక్టరో ఆమె అడగలేదు. ప్యాకెట్ కొంగు కింద దాచుకుని వచ్చింది.

గిన్నెలో పాలు పోసి గట్టు మీద పెట్టి, అగ్గిపెట్టె కోసం ముందు గదిలోకి పోయివచ్చింది. వచ్చి చూస్తే గట్టు మీద గుండుగాడు, పక్కన చిన్నమ్మి, రెండు తలకాయలూ గిన్నెలో ఉన్నాయి. నాలుకలు టపటపలాడుతున్నాయి. గిన్నె అడుగు తేలింది.

స్వరూప కాసేపు నమ్మలేదు. మిగిలిన పాలలో కొన్ని మళ్లీ పోసి చూసింది. అవీ తాగేశాయి. చిన్నమ్మి అయితే మూతి నాక్కుంటూ ఇంకా లేవా అన్నట్టు అరిచింది.

"ఓరి నీ అయ్య!" అంది స్వరూప. ఎవరినంది? పిల్లినా, మొగుణ్ణా? ఒళ్లంతా మండిపోయింది. ఆ మంటలోనే ఒక సంతోషం కూడా కలిగింది. ఇక ఆయన చెప్పుకునే సాకు ఒక్కటీ మిగల్లేదు.

మనీష్ రానే వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, పొయ్యి గట్టు చూసి మురిసిపోయాడు. "రామ్‌చందర్ భాయ్, ఇగ తాళంచెవి ఇచ్చెయ్యి. ఆదివారం సంది టిఫిన్లు షురూ చేస్త."

రామ్‌చందర్ తడిగుడ్డ పిండుతూ తల దించుకున్నాడు. "ఏమనుకోకు మనీషూ. జర్ర ఆగాలె. ఈ పిల్లులున్నయి సూడు, ప్యాకెట్ పాలు ముట్టవు. బండి ఇచ్చేస్తే అవి ఉపాసం సస్తయి."

స్వరూప గిరుక్కున వెనక్కి తిరిగింది. లోపలికిపోయి, అడుగున మిగిలిన పాలు గిన్నెలో పోసి తెచ్చి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది. పిల్లులు ఆమె వెనకే పరిగెత్తుకొచ్చి తాగడం మొదలుపెట్టాయి.

"ప్యాకెట్ పాలు" అంది.

మనీష్ పకపకా నవ్వాడు. నవ్వి, రామ్‌చందర్ ముఖం చూసి ఆపేశాడు.

"తాగుతయని నాకు ఎరుకే" అన్నాడు రామ్‌చందర్. "అవి ఏవైన తాగుతయి. నాకే దిగుతలేదు."

"ఏంది?"

"ప్యాకెట్ పాల చాయ్ నోట్ల వెట్టుకుంటే కక్కొస్తది. పుట్టినకాంచి గిదే కొట్టంల తాగినోన్ని. ఏం జెయ్యమంటవు?"

"కొనుక్కోరాదు మరి? సందు మలుపుల బుచ్చమ్మక్క కొట్టం ఉండనే ఉండె. గిన్ని పాల కోసం రాయచూర్ దాక తిప్పినవా నన్ను?"

"బుచ్చమ్మ కాడికా? నేనా?" రామ్‌చందర్ తడిగుడ్డను కింద పడేశాడు. "గిన్నె వట్టుకొని లైన్ల నిలవడాల్నా? బస్తీ అంత ఏమంటది? బయటి ఊర్లల్ల నన్నెవ్వరు ఎరుగరు. పిల్లులకు అంటే నవ్వెటోడు సుత లేడు."

సంగతి స్వరూపకు తెలియనిది కాదు. మొగుడు పోయాక బుచ్చమ్మ ఒక్కతే కొట్టం నడుపుకుంటుంటే, ఆమె పాలలో నీళ్లున్నాయని ఒకనాడు నలుగురి ముందు అరిచినవాడు రామ్‌చందరే. ఉన్నాయో లేవో ఎవరూ తేల్చలేదు. వాడుకదార్లు మాత్రం సగం మంది ఇటు వచ్చారు. అప్పటి నుంచి ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

"గా ముచ్చట ముందుగాల చెప్తే సచ్చిపోతుంటివా? నడుం విరిగి, నిద్ర లేక, పిల్లుల పెంట ఎత్తుకుంట ఎన్ని ఊర్లు తిరిగిన నేను! దేవునికి మొక్కిన్నా, ఏమన్న సూసిన్నా? నీ ఇజ్జత్ కోసం నా పానం తీస్తవా?" అని స్వరూప గట్టిగా అరిచింది. ఆమె చిలక్కొయ్యకున్న తాళంచెవి తీసి మనీష్ చేతిలో పెట్టేసింది.

బండి వెళ్లిపోయింది. స్వరూప చాయ్‌కు మళ్లీ ప్యాకెట్ తెచ్చింది. చాయ్ పెట్టి ఆయన ముందుంచింది. రామ్‌చందర్ ఆమె కోపానికి భయపడో ఏమో ఒక గుక్క తాగాడు. గొంతులోనే ఆపుకుని, కష్టపడి మింగి, గిలాస పక్కన పెట్టాడు. "మంచిగనే ఉన్నది" అన్నాడు.

మధ్యాహ్నం స్వరూప తన మంచం మీద వాలింది. ఇన్నాళ్లూ దేని కోసం తపించిపోయిందో ఆ మంచమే. కాళ్లు చాపుకుంది. నిద్ర పట్టలేదు. బయట చీపురు చప్పుడు వినిపిస్తోంది. ఖాళీ కొట్టాన్ని ఊడుస్తున్నాడు. ఊడవడానికి అందులో ఏముంది గనక? జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే మంట పుట్టింది. ఆయన మీద కోపం ఇంకా చల్లారనే లేదు, అయినా లేచి కూర్చుంది. అలసట ఎముకల్లో ఉంది. అది ఒక్క పూట నిద్రతో పోయేది కాదని ఆమెకు అర్థమైంది.

పొద్దు వాలి పాలు పిండే వేళయింది. స్వరూప ముఖం కడుక్కుని, వంటింట్లోంచి ఇత్తడి గిన్నె తీసుకుని బయటకొచ్చింది. కొట్టం గడపలో కూర్చున్న రామ్‌చందర్ ఎక్కడికని అడగబోయి, గిన్నె చూసి కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

బుచ్చమ్మ కొట్టం ముందు అప్పటికే జనం నిలబడి ఉన్నారు. చాయ్ హోటల్ అతను క్యాన్‌తో నిలబడి, "అరే భాభీ, ఆప్ ఇధర్?" అని ఆశ్చర్యపోయాడు. ముందున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాలమ్మిన ఇంటి కోడలు గిన్నె పట్టుకుని లైన్లో నిలబడితే చూడరా మరి? స్వరూప చెవులు కాలిపోతున్నాయి. వెనక్కి తిరిగి పోదామని రెండుసార్లు అనిపించింది. పోలేదు.

వంతు వచ్చింది. బుచ్చమ్మ తలెత్తి చూసింది. జుట్టు నెరిసింది గానీ చూపు ఏమీ మెత్తబడలేదు.

"ఏందే స్వరూపా, తొవ్వ తప్పినవా?"

"పాలు గావాలె అక్కా."

"ఇన్నం ఇన్నం. మీ పిల్లుల కోసం ఊర్లు పట్టుకొని తిరిగిండ్రట." లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. "పిల్లులకేనా?"

అవునంటే అయిపోయేది. అందరూ నవ్వుకుని ఊరుకునేవాళ్లు. రామ్‌చందర్ పరువు రామ్‌చందర్‌కు దక్కేది. రేపు మళ్లీ, ఎల్లుండి మళ్లీ పిల్లుల పేరే చెప్పుకోవాలి. ఆమెకు అంత ఓపిక లేదు.

"పిల్లులకు ప్యాకెట్ పాలు సాలు" అంది స్వరూప, అందరికీ వినిపించేలాగే. "మా ఇంటాయనకు. గవి ఆయనకు దిగుతలెవ్వు."

బుచ్చమ్మ పక్కన నిండుగా ఉన్న క్యాన్ వైపు చూసింది, అందులోంచి పోయలేదు. చెయ్యి నేలకు ఆనించి లేచి, ఇంకా పిండని బర్రె దగ్గరికి పోయి, దుడ్డెను విప్పి పొదుగుకు వదిలి చేపించి, పీట లాక్కుని కూర్చుంది.

"ఇటు రా. గిన్నె నువ్వే వట్టు. నీ ఎదురుంగనే పిండుత. మల్ల నీళ్లంటడు మీ ఇంటాయన."

స్వరూప వంగలేని నడుంతోనే వంగి, పొదుగు కింద రెండు చేతులతో గిన్నె పట్టింది. మొదటి ధార ఇత్తడి మీద చప్పుడు చేస్తూ పడింది. గిన్నె వేడెక్కుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. లైనంతా చూస్తుండగా గిన్నె నిండేదాకా అలాగే పట్టుకుని ఉంది.