ఒక్కసారే అడిగింది

కియుమర్స్ ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చేసరికి భార్య మహ్‌రుఖ్ కొత్తిమీర, మెంతికూర కలిపి తరుగుతోంది. వాళ్ళ ఇరానీ కూరల్లో ముప్పాతిక ఆకులే. కాబట్టి ఆవిడ చేతిలో కత్తి ఎప్పుడూ ఉంటుంది.

"ఎవరూ?"

"ఆ కొత్త సినిమా దర్శకురాలు. డాక్టరు వేషం నాకే ఇస్తానంది."

కత్తి ఆగింది. లాస్ ఏంజెలెస్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ అతను తెరమీద టాక్సీలు తోలాడు, బాంబులు పెట్టాడు, హీరోల చేతిలో రకరకాలుగా చచ్చాడు. ఒక్క పాత్రకీ పేరు లేదు. మిగతా రోజులన్నీ తివాచీల కొట్లో నిలబడ్డాడు. ఇరాన్‌లో, రష్త్‌లో ఉన్న చిన్నతనాన, సినిమాహాలు గేటు దగ్గర టికెట్లు చింపే మేనమామ పుణ్యమా అని చూసినవన్నీ, పెరట్లో చిక్కుళ్ళు ఒలుచుకునే ఆడవాళ్ళ ముందు ఆడి చూపించేవాడు. వాళ్ళు నిజంగానే కళ్ళొత్తుకునేవాళ్ళు. ఆ తడికళ్ళ కోసమే ఇంతదూరం వచ్చాడు. ఈ డాక్టరుకి పేరుంది, పెళ్ళాముంది, బాంబు లేదు.

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? నేనెంతటివాణ్ణి, నాకంటే బాగా చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు అన్నాను."

"దానికామె?"

"అర్థమైంది, ఉన్నమాట చెప్పినందుకు థాంక్స్ అని పెట్టేసింది."

మహ్‌రుఖ్ కత్తి పక్కన పెట్టింది. "ఎన్నిసార్లు అడిగింది?"

"ఒక్కసారే."

వాళ్ళలో టీ ఇచ్చినా రెండుసార్లు వద్దని, మూడోసారికి తీసుకోవాలి. ఆ మర్యాదని తారోఫ్ అంటారు. కొట్లో తివాచీ ధర అడిగితే కూడా ముందు "మీకంటే ఎక్కువా, ఊరికే పట్టుకెళ్ళండి" అనాల్సిందే. ఓసారి ఓ అమెరికా ఆయన నిజంగానే చుట్టచుట్టి భుజాన వేసుకుపోతుంటే, కియుమర్స్ పార్కింగ్ దాకా పరిగెత్తాడు.

"ఆ తివాచీతోనైనా బుద్ధి రాలేదా మహానుభావా? ఫోన్ చెయ్యి."

"చేసి? నాకు కావాలి అని నా నోటితో నేనే అడగనా?"

"అడుగు. ఈ ఊళ్ళో అందరూ చేసేదదే."

"మా అమ్మ వింటే ఏమనుకుంటుంది?"

"ఆవిడ వినదులే. నేను వింటాను."

అతను ఫోన్ చేశాడు. మహ్‌రుఖ్ పక్కనే నిలబడి, మొహమాటం మొదలుపెడితే తొక్కడానికి వీలుగా తన కాలు అతని కాలిమీద పెట్టి ఉంచింది.

"అయ్యో," అంది దర్శకురాలు. "మీరు వద్దన్నారని ఇప్పుడే ఇంకొకరికి చెప్పేశానండీ. డాక్టరు తండ్రి వేషం ఒకటి..."

"చేస్తాను."

"ఇంకా చెప్పందే..."

"చేస్తానండీ."

కాలు తొక్కే పనే పడలేదు.

తండ్రిది మంచంమీద పడుకునే వేషం. కొడుకు సూపు గిన్నె తెస్తాడు. "నాకాకలి లేదు, నువ్వు తిను" అనాలి. ఉన్నది ఆ ఒక్క మాటే. ఈయనకీ పేరు లేదు.

షూటింగ్ రోజు దర్శకురాలు మంచం దగ్గరికొచ్చి, "ఆకలి లేనట్టు చెప్పకండి. ఆకలేస్తోంది, కానీ అడగలేడు. చేయగలరా?" అంది.

ఇది అతనికి పుట్టినప్పట్నుంచీ రిహార్సలే. గిన్నె వంక చూశాడు. చూసినట్టు కొడుక్కి తెలియకూడదని గోడ వంక చూశాడు. తర్వాత ఆ మాట అన్నాడు. లైట్లు పట్టుకున్న మనిషి ముక్కు తుడుచుకున్నాడు. రెండో టేకు అక్కర్లేకపోయింది.

"ఇంత బాగా చేస్తారని తెలిస్తే డాక్టరు వేషానికి మిమ్మల్ని ఇంకోసారి అడిగేదాన్ని," అంది దర్శకురాలు.

"అబ్బే, నాదేముందండీ. అంతా మీ గొప్పతనమే."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, కావచ్చు అన్నట్టు తలూపి, తర్వాతి షాట్‌కి వెళ్ళిపోయింది. అదీ నమ్మేసింది.

అందరూ కెమెరాను అవతలికి జరుపుకుంటున్నారు. చల్లారిన సూపు మంచం పక్కనే ఉంది. తాగమని ఎవరూ ఒక్కసారైనా అడగలేదు. లేచి కూర్చుని, అతనే గిన్నె అందుకుని తాగేశాడు.